గెలిచేవాడే లేని చోట రేసు ఎక్కడిది?

కార్ల పిచ్చి ఉన్నవాళ్ల మధ్య ఓ మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇదే: "ట్రాక్ డే అంటే డబ్బున్నవాళ్లు ఆడుకునే రేసు. అక్కడ రూల్స్ ఏమీ ఉండవు, ఎవరి ఇష్టం వాళ్లది. మూడొందల హార్స్‌పవర్ లేని కారుతో వెళ్తే నవ్వులపాలే, పైగా ఇంజిన్ పేలిపోతుంది. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఆపేస్తేనే అసలు డ్రైవింగ్ వస్తుంది. టైర్లలో గాలి బాగా ఎక్కించుకుని వెళ్లండి. ఒక్కసారి ట్రాక్ మీద నేర్చుకున్నవాడికి రోడ్డు మీద ఇక ప్రమాదమే ఉండదు."

నేను చేసే ఉద్యోగానికీ మోటార్‌స్పోర్ట్‌కీ ఏ సంబంధమూ లేదు. సెలవు దొరికితే సొంత కారుతో ట్రాక్ డేకి, అంటే రేస్ ట్రాక్ మీద ఎవరి కారు వాళ్లు నడుపుకునే రోజుకి, వెళ్తాను. కుదరకపోతే గో కార్టింగ్, అదీ లేకపోతే కోన్ల మధ్య నడిపే ఆటోక్రాస్. ఈ మెసేజ్ రాసిన మనిషి వీటిలో ఒక్కదానికైనా వెళ్లి పొద్దున్నే నిర్వాహకులు రూల్స్ చెప్పే బ్రీఫింగ్‌లో కూర్చున్నాడంటే నేను నమ్మను.

ఇది రేసు అన్న మాటతో మొదలుపెడదాం. రేసులో అందరూ ఒకేసారి బయల్దేరతారు, స్థానాలుంటాయి, చివరికి ఒకరు గెలుస్తారు. ట్రాక్ డేలో ఇవేవీ లేవు. పిట్ లేన్ (కార్లు ఆగి, బయల్దేరే పక్కదారి) చివర నిలబడ్డ మార్షల్, అంటే ట్రాక్ భద్రత చూసే మనిషి, కార్లను ఒక్కొక్కటిగా, మధ్యలో ఎడం ఉంచి, లోపలికి వదులుతాడు. ఇరవై నిమిషాలో అరగంటో తిరిగి బయటికి వచ్చేయాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అని ఎవరూ రాసుకోరు. చాలామంది నిర్వాహకులు ల్యాప్ టైమ్ (ఒక చుట్టుకు పట్టే సమయం) కొలవడానికి కూడా ఒప్పుకోరు. ఎందుకంటే టైమ్ కొలిస్తే అది పోటీ కిందికి వస్తుంది, పోటీ అంటే లైసెన్సులూ బీమా షరతులూ వేరు.

జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫెనే చూడండి. 1927లో మొదలైన ఈ ట్రాక్ పొడవు 20.832 కి.మీ. లైసెన్సూ, రోడ్డు మీద తిరిగే అర్హత ఉన్న కారూ ఉంటే మామూలు మనుషులు కూడా టికెట్ కొనుక్కుని దాని మీద నడపొచ్చు. అలా జనానికి తెరిచిన గంటల్లో అది చట్టం దృష్టిలో టోల్ కట్టి వెళ్లే వన్‌వే రోడ్డు. మామూలు ట్రాఫిక్ చట్టమే వర్తిస్తుంది, ముందున్న కారును ఎడమవైపు నుంచే దాటాలి. వీడియోల్లో చూసినవాళ్లు మాత్రం అక్కడ రోజూ రేసు జరుగుతోందనే అనుకుంటారు.

రూల్స్ ఉండవనడం మరీ విడ్డూరం. నిజానికి ట్రాక్ మీద ఉన్నంత కట్టడి నేను ఏ రోడ్డు మీదా చూడలేదు. అనుభవాన్ని బట్టి గ్రూపులు విడదీస్తారు. కొత్తవాళ్ల గ్రూపులో ముందున్న కారును దాటాలంటే నిర్వాహకులు చూపించిన స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నని దారి) మీదే దాటాలి, అదీ ముందున్న మనిషి చేయి ఊపో ఇండికేటర్ వేసో దారి ఇస్తేనే. మలుపులో దూరిపోవడం కుదరదు. ఇక జెండాలు. పసుపు కనపడితే ముందేదో జరిగిందని, వేగం తగ్గించాలి, దాటడం బంద్. ఎరుపు అంటే సెషన్ ఆగిపోయింది, నెమ్మదిగా పిట్‌లోకి వచ్చేయాలి. నీలం అంటే వెనక మనకంటే వేగమైన కారు ఉంది. ఎరుపు, పసుపు చారల జెండా అంటే ట్రాక్ మీద ఆయిలో మరొకటో పడి జారుడుగా ఉంది. నలుపు జెండా మనవైపు చూపించారంటే పిట్‌లోకి రమ్మని, అక్కడ ఎవరో మనతో మాట్లాడటానికి ఎదురుచూస్తున్నారని. నెమ్మదిగా నడిపాడని ఎవరినైనా ఇంటికి పంపేయడం నేనింతవరకు చూడలేదు. పసుపు జెండా కింద ఓవర్‌టేక్ చేసినవాళ్లను మాత్రం ఎంత ఖరీదైన కారైనా మొహమాటం లేకుండా పంపేశారు.

మూడొందల హార్స్‌పవర్ సంగతికి వద్దాం. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకోండి. మంచి రోడ్డు టైర్లు ఆరిన తారు మీద ఇచ్చే పట్టు ఉజ్జాయింపుగా 1 జీ, అంటే కారు బరువుకు సమానమైన బలం, అనుకుంటే, ఆ మలుపులో గరిష్ఠ వేగం గంటకు 80 కి.మీ. దగ్గర ఆగిపోతుంది. బానెట్ కింద వంద గుర్రాలున్నా ఐదొందలున్నా ఆ లెక్క మారదు. అక్కడ పని చేసేది టైరూ, ఎంచుకున్న లైనూ (మలుపులో కారు పట్టే దారి), స్టీరింగ్ తిప్పే చేయీ. పవర్ పనికొచ్చేది స్ట్రెయిట్ మీద. అక్కడ కుడికాలు నొక్కడానికి శిక్షణ అక్కర్లేదు. పైగా పవర్ ఎక్కువైన కొద్దీ తప్పులు కనపడకుండా పోతాయి. మలుపులోంచి ఆలస్యంగా, వంకరగా బయటపడినా స్ట్రెయిట్ మీద అంతా పూడిపోతుంది, నేర్చుకోవాల్సింది అలాగే మిగిలిపోతుంది. చిన్న కారులో ఆ సౌకర్యం లేదు. మలుపులో పోగొట్టుకున్న వేగం తర్వాతి మలుపు దాకా వెక్కిరిస్తూనే ఉంటుంది.

1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5 బరువు టన్ను లోపే, ఇంజిన్ 1.6 లీటర్లే, పవర్ 115 హార్స్‌పవర్ చుట్టుపక్కల. అమెచ్యూర్ రేసింగ్‌లో దాన్ని ఇంతమంది వాడటానికి కారణం ఆ బరువే. నవ్వులపాలవుతారన్న భయం ఉన్నవాళ్లు ఒకసారి కొత్తవాళ్ల గ్రూపు చూడాలి. స్ట్రెయిట్ మీద దూసుకుపోయిన పెద్ద కారు వెనకే మలుపులో మూడు చిన్న కార్లు అంటుకుని ఉంటాయి, ఆ పెద్ద కారాయన అద్దంలో చూడడు, దారి ఇవ్వడు. నీలం జెండా ఊపే మార్షల్‌కే చేతులు నొప్పి పుట్టాలి.

డబ్బు విషయంలో మాత్రం మెసేజ్‌ను పూర్తిగా కొట్టిపారేయను. ప్రవేశ రుసుము, పెట్రోలు, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఇవన్నీ ఖర్చే. మామూలు కారు బీమా చాలా వరకు ట్రాక్ మీద జరిగిన నష్టానికి వర్తించదు కాబట్టి బారియర్‌కి కొడితే ఆ భారమూ సొంతదారుదే. పాలసీ కాగితం చదవకుండా వెళ్లొద్దు. కానీ ఖర్చు అవుతుందనడం వేరు, ధనవంతులకే అనడం వేరు. కార్టింగ్‌తో మొదలుపెడితే లైన్, బ్రేకింగ్ పాయింట్, చూపు, మూడూ అందులోనే వస్తాయి. ఆటోక్రాస్‌లో వేగాలు తక్కువ, ఒక్కో కారే వెళ్తుంది, తగిలితే కోన్ పడిపోతుంది, అంతే.

ఇంజిన్ పేలిపోతుందన్న బెదిరింపు తప్పు చోట టెన్షన్ పెడుతుంది. నూనె మట్టం సరిగా ఉండి, కూలింగ్ బాగున్న ఇంజిన్ ట్రాక్ మీద పావుగంట తిరిగితే ఏమీ కాదు. పొడవాటి మలుపుల్లో సంప్‌లోని (ఇంజిన్ అడుగున ఉండే తొట్టిలోని) నూనె ఒక పక్కకి చేరిపోతుంది కాబట్టి డిప్‌స్టిక్ మీద పై గీత దాకా నింపుకుని వెళ్లడం మంచిది. మామూలు కారు ట్రాక్ మీద మొదట చేతులెత్తేది బ్రేకుల దగ్గర.

1200 కిలోల కారు గంటకు 180 కి.మీ. నుంచి 90కి తగ్గిందనుకోండి. వేగం సగమే తగ్గింది, చలనశక్తి మాత్రం నాలుగో వంతుకు పడిపోయింది. పోయిన ముప్పావు వంతు దాదాపు 11 లక్షల జౌల్స్. కొన్ని సెకన్లలో అదంతా వేడిగా మారి, ఎక్కువ భాగం బ్రేకుల్లోకే చేరుతుంది. నాలుగు బ్రేక్ డిస్కులూ కలిపి 24 కిలోల ఇనుము అనుకుంటే, ఒక్క బ్రేకింగ్‌కే వాటి సగటు వేడి సుమారు 100 డిగ్రీలు పెరుగుతుంది. పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ. అది పూర్తిగా చల్లారేలోపే తర్వాతి మలుపు వచ్చేస్తుంది.

ఆ వేడి కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) దాటి, పెడల్ ఒత్తిడిని బ్రేకులకు చేర్చే బ్రేక్ ఫ్లూయిడ్‌కి చేరితే అసలు ప్రమాదం. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 3 రకం ఫ్లూయిడ్ కనీస మరిగే స్థానం 205 డిగ్రీలు, డాట్ 4కి 230, డాట్ 5.1కి 260. అయితే ఇవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. తేమ పట్టిన డాట్ 4కి ప్రమాణం అడిగేది 155 డిగ్రీలే. మరిగిన ఫ్లూయిడ్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కితే నలుగుతుంది, పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది వేరే జబ్బు, ప్యాడ్లు వాటి హద్దు దాటాయి. రెండింటికీ అప్పటికప్పుడు చేయాల్సింది ఒకటే: వేగం తగ్గించి, ఒక ల్యాప్ బ్రేకులు పెద్దగా వాడకుండా తిరిగి, పిట్‌లోకి రావడం. వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకూడదు, కాలుతున్న ప్యాడ్లు డిస్కులను ఒకే చోట పట్టుకుని ఉండటం మంచిది కాదు. గేరులో వదిలేసి చక్రానికి అడ్డు పెట్టాలి. వెళ్లే ముందు కొత్త ఫ్లూయిడ్ పోయించుకుని, ప్యాడ్ల మందం చూసుకుంటే మామూలు హ్యాచ్‌బ్యాక్ కూడా రోజంతా నిలబడుతుంది. మధ్యమధ్యలో విశ్రాంతి మాత్రం ఇవ్వాలి.

గాలి ఎక్కువ కొట్టించుకోమనే సలహా ఎక్కడ పుట్టిందో గానీ, ట్రాక్ మీద లెక్క తిరగబడుతుంది. 20 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ ఉన్న టైరు లోపలి గాలి 80 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి 41 దాటుతుంది. ముందే ఎక్కువ కొట్టించుకుంటే టైరు మధ్యలో ఉబ్బి, నేలకు ఆనే భాగం తగ్గి, పట్టు పోతుంది. అందుకే సెషన్ అవ్వగానే వేడి మీదే కొలిచి కొంచెం వదులుతారు.

ఏబీఎస్ ఆపేయమనే వీరుల సంగతి. బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది ఏబీఎస్, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు జారి తిరగకుండా చూసేది ట్రాక్షన్ కంట్రోల్. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ వాడితే డ్రైవింగ్ కాదన్నట్టయితే, జీటీ3 (స్పోర్ట్స్ కార్ల నుంచి తయారుచేసిన రేసు కార్ల తరగతి) కార్లు నడిపే ప్రొఫెషనల్స్‌కి డ్రైవింగ్ రానట్టే. ఆ తరగతిలో రెండూ అనుమతించినవే, వాళ్లు 24 గంటల రేసులు వాటితోనే నడుపుతారు. ఫార్ములా వన్ 1994 సీజన్‌లో ఏబీఎస్‌నీ, ట్రాక్షన్ కంట్రోల్‌నీ నిషేధించిన మాట నిజమే. అవి పనికిరావని కాదు, బాగా పని చేస్తున్నాయనే. మొదటిసారి వెళ్లేవాళ్లకు డ్యాష్‌బోర్డు మీద మిణుకుమనే ట్రాక్షన్ కంట్రోల్ పసుపు లైటే మంచి గురువు. ఏ మలుపులో వెలిగిందో గుర్తుపెట్టుకుంటే, అక్కడ తొందరగా యాక్సిలరేటర్ తొక్కుతున్నామనో, స్టీరింగ్ మొరటుగా తిప్పుతున్నామనో తెలిసిపోతుంది. లైటు వెలగకుండా అదే వేగంతో తిరగగలిగాక ఆపాలో వద్దో ఆలోచించుకోవచ్చు.

ఇక ఆఖరి మాట, ట్రాక్ మీద నేర్చుకున్నవాడికి రోడ్డు మీద ప్రమాదం ఉండదన్నది. మిగతావి అజ్ఞానం, నవ్వి వదిలేయొచ్చు. ఇది మాత్రం మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే మాట. పైగా మాలాంటి వాళ్లే దీన్ని ఎక్కువగా చెప్పుకుంటారు, హాబీకి గౌరవంగా ఉంటుందని. 1974లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం జాతీయ స్థాయి రేసింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ల రోడ్డు రికార్డులను మామూలు డ్రైవర్ల రికార్డులతో పోల్చింది. రేసర్ల పేరు మీదే ప్రమాదాలూ ఎక్కువ, వేగం కేసులూ ఎక్కువ. రేసింగ్ వాళ్లను అలా చేసిందా, అలాంటి మనుషులే రేసింగ్‌కి వెళ్తారా అన్నది ఆ పోలికతో తేలదు. నైపుణ్యం ఉంటే చాలు, భద్రత దానంతట అదే వస్తుందన్న నమ్మకం మాత్రం దాని ముందు నిలవదు.

కారణం వెతకడం కష్టం కాదు. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు వెళ్తారు. ఎదురుగా లారీ రాదు, బంతి వెంట పిల్లాడు పరిగెత్తడు, మలుపు అవతల ఏముందో మార్షల్ ముందే జెండాతో చెబుతాడు. తప్పు చేస్తే పక్కన ఖాళీ స్థలం ఉంటుంది. అదే మలుపును రోజంతా చూస్తాం కాబట్టి హద్దు ఎక్కడో తెలుస్తుంది. రోడ్డు మీద ప్రమాదాలు ఎక్కువగా చూడకపోవడం వల్ల, తొందర వల్ల, అలసట వల్ల, ఎదుటివాడు ఏం చేస్తాడో తప్పుగా అంచనా వేయడం వల్ల జరుగుతాయి. ఏపెక్స్ (మలుపు లోపలి అంచు) పట్టడం వస్తే వీటిలో ఏది తగ్గుతుంది?

ట్రాక్ నుంచి రోడ్డు మీదికి తెచ్చుకోదగ్గవి లేకపోలేదు. దూరంగా చూడటం అలవాటవుతుంది. బ్రేక్‌ను పూర్తి బలంతో తొక్కితే కారు ఎలా ప్రవర్తిస్తుందో, ఏబీఎస్ పెడల్ కాలి కింద ఎలా కొట్టుకుంటుందో తెలుస్తుంది. ఏళ్ల తరబడి నడిపినా ఆ పెడల్‌ను ఒక్కసారి కూడా అంత గట్టిగా తొక్కనివాళ్లు ఎంతోమంది. అయితే దీనితోపాటు వచ్చే ధీమా కూడా బరువైనదే.

ఆ ధీమా అన్నిటికంటే ఎక్కువగా ముంచేది ట్రాక్ డే ముగిసిన సాయంత్రమే. రోజంతా పెద్ద వేగాలకు అలవాటుపడిన కళ్లకు మామూలు రోడ్డు వేగం నడకలా అనిపిస్తుంది. స్పీడోమీటర్ చూడకుండా అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తక్కువే అనుకుంటాం. టైర్లలో గాలి తగ్గించి ఉంటుంది, బ్రేకులు అలిసి ఉంటాయి, మనమూ అలిసే ఉంటాం. కారు చల్లారేదాకా కూర్చుని, గాలి మళ్లీ నింపి, చక్రాల నట్లు బిగువు చూసి, బ్రేక్ పెడల్ ఒకసారి తొక్కి గట్టిగా ఉందో లేదో తెలుసుకున్నాకే గేటు దాటాలి. పెడల్ ఏమాత్రం మెత్తగా తగిలినా కారును లారీ ఎక్కించి పంపి, మనం బస్సెక్కాలి.