ఎడమ నుంచి కుడికి

హైస్కూలు చివరి సంవత్సరంలో వీడ్కోలు సంచిక వేయాలని మా తరగతి తీర్మానించినప్పుడు, సహాధ్యాయులందరి గురించీ తలా రెండు వాక్యాలు రాసే బాధ్యత నా మీద పడింది. నా చేతిరాత బాగుంటుందన్నది పైకి చెప్పిన కారణం. తీర్మానం జరిగిన రోజున నేను బడికి వెళ్ళకపోవడం అసలు కారణం. 25 మంది గురించి ప్రేమగా రాయాలి, ఎవరినీ నొప్పించకూడదు, అబద్ధం ఆడకూడదు. ఈ మూడూ ఒక్కచోట ఇమడవని ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది?

నేను అంతటితో ఊరుకోక, రెండు తెలివైన పనులు కూడా చేశాను. ఎవరి పేరూ రాయకుండా, గ్రూపు ఫోటోలో వారు నిలబడిన చోటును మాత్రం 'పై వరుస, ఎడమ నుంచి కుడికి' అని అంకెలతో సూచించడం మొదటిది. పేరు ముందుంటే చదివేవాడు పేరు దగ్గరే ఆగిపోతాడని, బొమ్మ చూసి పోల్చుకుంటేనే మనిషి గుర్తుంటాడని నా వాదన. పెద్దల సన్మానపత్రాల్లో మాదిరిగా ప్రతివారినీ 'వీరు' అని పేర్కొనడం రెండవది. తెలుగులో ఆ ఒక్క మాట వాడితే చాలు, రాసినది అబ్బాయి గురించో అమ్మాయి గురించో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడన్న సంగతి నాకు అప్పట్లో గౌరవంగానే తోచింది గాని ప్రమాదంగా తోచలేదు.

ఫోటో రోజున మాస్టార్లు కుర్చీల్లో కూర్చున్నారు. వారి గురించి రాసేంత గుండెధైర్యం ఎవరికీ లేనందున వారు ఈ కథలోకి రారు. వారి వెనక నేల మీద 12 మందిమి, ఆ వెనక బల్లల మీద 13 మందిమి నిలబడ్డాము. మూడు కాళ్ళ స్టాండు మీద పెద్ద చెక్క కెమెరా ఉంది. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి చాలాసేపు మమ్మల్ని పరిశీలించాడు. అటువంటి కెమెరాలో గరుకు అద్దం మీద పడే బొమ్మ తలకిందులుగానూ, కుడి ఎడమలు తారుమారుగానూ ఉంటుంది. ఇది తలకిందుల తరగతి అని మాస్టార్లు ఐదేళ్ళుగా అంటూనే ఉన్నారు. దానిని కళ్ళారా చూసినవాడు మాత్రం ఆ ఫోటోగ్రాఫరు ఒక్కడే.

నేల వరుసలో ఎడమ చివర నిలబడినవాడి గురించి ఇక్కడ కొంత చెప్పాలి. వాడు ఒకచోట నిలిచే మనిషి కాడు. 1904లో పేటెంటు పొందిన సర్కట్ అనే కెమెరా స్టాండు మీద మెల్లగా గుండ్రంగా తిరుగుతూ పొడవైన ఫోటో తీస్తుందని, ఒక చివర నిలబడినవాడు తన వంతు అయిపోగానే వెనకనుంచి పరుగెత్తి రెండో చివరకు చేరుకుంటే అదే ఫోటోలో ఇద్దరుగా పడవచ్చునని సైన్సు మాస్టారు ఏనాడో చెప్పి ఉన్నారు. ఆయన చెప్పిన పాఠాలన్నిటిలోనూ వాడి తలకెక్కినది అదొక్కటే. మా ముందున్నది ఆ కెమెరా అవునో కాదో విచారించకుండా, ఫోటోగ్రాఫరు మూత తీయగానే వాడు పరుగు లంకించుకున్నాడు. ఆ కెమెరా ఉన్నచోటినుంచి కదలలేదు. అందువల్ల ఇద్దరుగా పడవలసినవాడు ఒక్కడుగా కూడా పడక, కొంత పొగగానూ, ఆ పొగలో ఒక బూటుగానూ మిగిలాడు.

ఇక ముద్రణ సంగతి. అది సీసపు అక్షరాలతో అచ్చువేసే కాలం. అచ్చులో అక్షరమైనా బొమ్మైనా తిరగబడి ఉంటేనే కాగితం మీద సవ్యంగా పడుతుంది. అందుకని జింకు బ్లాకు చేసేవారు నెగెటివును ముందుగా ఒకసారి తిప్పుకుంటారు. మా ఫోటోను తిప్పడం మరిచిపోయారో, శ్రద్ధ ఎక్కువై రెండుసార్లు తిప్పారో గాని, మొత్తానికి తరగతి తరగతంతా అద్దంలో బొమ్మలా అచ్చయింది. మాస్టార్ల కాళ్ళ దగ్గర పెట్టిన పలక మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి గదా, అచ్చాఫీసులో ఎవరూ చూడలేదా అని మీరు అడగవచ్చు. పొద్దస్తమానం తిరగబడిన అక్షరాలనే చదివే కంపోజిటరుకు ఆ పలక ఒక్కటే సరిగా కనిపించి ఉంటుంది. మేమైతే పలక రాసినవాడిని అనుమానించాము. వాడి గత చరిత్ర అటువంటిది.

ఫోటో తిరగబడిందని మాకు వారం రోజుల దాకా తట్టలేదు. మనిషికి తన మామూలు ఫోటో కంటే తిప్పి అచ్చువేసిన ఫోటోయే ఎక్కువగా నచ్చుతుందని, అతని స్నేహితులకు మాత్రం మామూలు ఫోటోయే నచ్చుతుందని 1977లో వెలువడిన ఒక మనస్తత్వ పరిశోధన తేల్చింది. మనిషి తన ముఖాన్ని ఎప్పుడూ అద్దంలోనే చూసుకుంటాడు గనక అది సహజమే. మా తరగతిలోనూ అదే జరిగింది. "నేను బాగానే పడ్డాను గాని, మీరంతా ఏదో తేడాగా ఉన్నారు" అని 24 మంది విడివిడిగా అన్నారు. పొగగా పడినవాడు మాత్రం ఏ అభిప్రాయమూ చెప్పలేదు.

ఆ పొగ కింద ఏమి అచ్చయిందో చెప్పకపోతే అన్యాయం అవుతుంది. "వీరు స్థిరచిత్తులు. ఐదేళ్ళలో ఒక్కసారైనా కూర్చున్న చోటు మార్చి ఎరుగరు."

పై వరుసలో రెండవ స్థానం మా వాగ్ధాటి రాణిది. పన్నెండవ స్థానంలో ఉన్నవాడు హాజరు పలికితే పక్కవాడికి కూడా వినబడదు. ఆమెకు "వీరి మౌనం గంభీరమైనది" అన్న వాక్యం దక్కింది. తనలోని లోతును ఇన్నాళ్ళకు ఒకరు గుర్తించారని ఆమె అరగంట సేపు మాట్లాడింది. "వీరు నోరు తెరిస్తే గంట కొట్టడానికి వచ్చినవాడు కూడా ఆగి వింటాడు" అన్నది చదువుకున్న ఆ మౌని, వీడ్కోలు సభలో ఎవరూ పిలవకుండానే వేదిక ఎక్కాడు. వాడిని దించడానికి డ్రిల్లు మాస్టారు ఈల వేయవలసి వచ్చింది.

గేటు తీయకముందే వచ్చి నిలబడే మా క్లాసు లీడరుకు "గంట మోగిన పావుగంటకు గాని వీరి దర్శనం కాదు" అన్న కీర్తి అంటుకుంది. ఆమె ఆ పుటను నాలుగుసార్లు చదువుకుంది, మర్నాడు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆనాటి ఆనందం మొదటి ర్యాంకు వచ్చినప్పుడు కూడా ఆమె ముఖంలో మేము చూడలేదు. ఆలస్యానికి అసలు హక్కుదారుడు "వీరి రాకను చూసి గడియారం సరిచేసుకోవచ్చు" అన్న వాక్యాన్ని ఇంటికి తీసుకువెళ్ళి తండ్రిగారికి చూపించాడట. ఆయన శ్రద్ధగా చదివి, "మరి మా ఇంట్లో ఉంటున్నది ఎవరు?" అని అడిగారట.

నా సంగతి కూడా చెప్పాలి. పై వరుసలో అయిదవవాడిని నేను. నా గురించి నేనే "హాస్యప్రియులు, ముత్యాల వంటి దస్తూరి" అని వినయంగా రాసుకున్నాను. అది తొమ్మిదవవాడికి చేరి, వాడికోసం రాసినది నాకు వచ్చింది: "వీరి పెన్ను సొంతం కాదు, పుస్తకం సొంతం కాదు, పరీక్షలో రాసే జవాబు అసలే సొంతం కాదు." తన గురించి తాను ఇంత నిజాయితీగా రాసుకున్న విద్యార్థిని ఇంతవరకు చూడలేదని తెలుగు మాస్టారు తరగతిలో నన్ను నిలబెట్టి మెచ్చుకున్నారు.

పొరపాటు బయటపడ్డాక, తప్పొప్పుల పట్టిక వేద్దామని నేను ప్రతిపాదించాను. తమకు దక్కినదానిని వదులుకోవడానికి 23 మందిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. మిగిలినవాడు సంచికను చుట్టగా చుట్టి పట్టుకుని ఆ సాయంత్రమే నా మీదికి వచ్చాడు.

"ఒరే, అందరివీ తారుమారయ్యాయట గదా. నా దగ్గరికి వచ్చి పడింది ఎవరిదిరా?" అని నిలదీశాడు.

వాడు పై వరుసలో ఏడవవాడు. 13 మందిలో ఏడవవాడు ఎటునుంచి లెక్కపెట్టినా ఏడవవాడే. కింది వరుసలో 12 మందే గనక అక్కడ నడిమి మనిషే లేడు. కాబట్టి తరగతి మొత్తంలో సరైన మనిషికి సరైన మాట చేరింది వాడి ఒక్కడి విషయంలోనే. "వీరు ఎవరు ఏమి అడిగినా లేదనరు, రేపు తెస్తామంటారు. ఆ రేపు మాత్రం ఐదేళ్ళుగా రాలేదు" అన్నది అచ్చంగా వాడి గురించి రాసినదే. సుద్దముక్కతో నల్లబల్ల మీద గీతలు గీసి మరీ వివరించాను. వాడు ఓపికగా విన్నాడు.

"లెక్క బాగానే ఉంది. నాది ఎక్కడుందో వెతికి ఇయ్యి" అన్నాడు.

చేసేది లేక, రేపు తెస్తానన్నాను.

"రేపంటే రేపే రావాలి. నాకు మాట తప్పేవాళ్ళంటే గిట్టదు" అని హెచ్చరించి వెళ్ళాడు.