కలివికోడి మంచులో దిగిన వైనం

ఏ జీవి ఎక్కడుంటుందో పటం గీయడానికి అడవితో పని లేదని ఈపాటికి అందరికీ తెలిసిపోయింది. ఏసీ గది, ల్యాప్‌టాప్, ఎవరో ఎప్పుడో పోగేసిన ఎక్సెల్ షీటు ఉంటే చాలు. అయినా కొందరు మొండివాళ్ళు ఇంకా టార్చిలైట్లు పట్టుకుని రాత్రిళ్ళు పొదల వెంట తిరుగుతున్నారు. వాళ్ళ కాళ్ళకు ముళ్ళు దిగకుండా చూద్దామన్న సదుద్దేశంతో ఈ నాలుగు ముక్కలు.

ముందు జీవిని ఎంచుకోండి. కలివికోడి అనే అరుదైన పిట్ట శ్రేష్ఠం. 1900 తరవాత ఎవరి కంటా పడక, ఇక లేదని లోకం ఆశ వదులుకున్నాక, 1986లో కడప జిల్లాలో ప్రత్యక్షమైంది. అన్నేళ్ళూ మన లెక్కల్లో లేకుండానే నిక్షేపంగా బతికింది కాబట్టి, పటం కాస్త తప్పినా ఏమీ అనుకోదు.

అది ఉండే లంకమల కొండల అక్షాంశం సుమారు 14.6, రేఖాంశం 78.8. షీటులో ఈ రెండు వరసలను తారుమారు చేయండి. రాయలసీమ పిట్ట అమాంతం ఎగిరి ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు మీద, తెల్ల ఎలుగుబంట్ల సరసన దిగుతుంది. సాఫ్ట్‌వేర్ కిమ్మనదు, అక్కడా నేలే ఉంది మరి. అంత దూరం ఎందుకనుకుంటే 14 డిగ్రీల 36 నిమిషాలను 14.36 అని రాసేయండి. నిమిషాలను 60తో భాగిస్తే 14.60 రావాలి. ఆ భాగహారం ఎగ్గొట్టిన పుణ్యాన పిట్ట 27 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి, కడప పట్నం దాటి పడుతుంది. మంచులో దిగిన పిట్టను ఏ కుర్రాడైనా పట్టేస్తాడు. ఈ రెండో తప్పు మాత్రం తరతరాలు నిలుస్తుంది.

ఎవరు ఏ జీవిని ఎక్కడ చూశారో నమోదు చేసుకునే ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్లు అరుదైన జీవుల చిరునామాను వేటగాళ్ళకు దొరక్కుండా దాచి, 0.2 డిగ్రీల గడిలో, అంటే నిలువునా 22 కిలోమీటర్ల మేరలో, ఎక్కడో ఒకచోట చుక్క పెడతాయి. మీరు ఆ చుక్కను వేదవాక్కుగా తీసుకుని కిలోమీటరు గడుల వాతావరణ పటం మీద అతికించండి. చెరువు నడిమధ్యన పడిందా? కలివికోడికి ఈత వచ్చని రాయండి.

ఇక మాక్సెంట్, అంటే జీవి ఎక్కడెక్కడ ఉండగలదో అంచనా కట్టే సాఫ్ట్‌వేర్. పిట్ట కనబడిన చోట్లు ఇస్తే, పోలిక కోసం 10,000 బిందువులను అదే ఏరుకుంటుంది. ఏరుకోవడానికి కడప జిల్లా ఒక్కటే ఇచ్చారో, పొదకూ పొదకూ తేడా చెప్పలేక చతికిలబడుతుంది. దేశమంతా ఇవ్వండి. లడఖ్‌లో కలివికోడి ఉండదని కనిపెట్టి, ఏయూసీ మార్కులు, అంటే ఉన్న చోటుకూ మిగతా చోటుకూ తేడా ఎంత బాగా చెప్పిందో కొలిచే మార్కులు, దండిగా తెచ్చుకుంటుంది. పిట్టలు చూసేవాళ్ళు జీపు ఆపేది రోడ్డు పక్కనే కాబట్టి, పిట్టజాతికి తారురోడ్డంటే పంచప్రాణాలన్న కొత్త సత్యం కూడా అందులోనే బయటపడుతుంది.

ఆ మొండివాళ్ళు చేసే పని చూస్తే జాలేస్తుంది. మెత్తటి మట్టి పట్టీలు పరిచి పొద్దున్నే పాదముద్రలు వెతుకుతారు. కెమెరాలు కడతారు. చీకటి పడ్డాక రికార్డు చేసిన కూత వినిపించి, జవాబు కోసం చెవులు రిక్కిస్తారు. ఉన్న పిట్ట ఒక రాత్రి దొరికే అవకాశం పదింట మూడే అనుకుంటే, లేదని 95 శాతం ధీమాగా చెప్పడానికి 9 రాత్రులు వెళ్ళాలి. 8 చాలవు, 0.7ను ఎనిమిది సార్లు హెచ్చిస్తే ఇంకా 0.058 అనుమానం మిగులుతుంది. మీరు ఒక్క మధ్యాహ్నం భోంచేసి వెళ్ళి రండి. రాత్రి తిరిగే పిట్ట మిట్టమధ్యాహ్నం కనబడలేదు కనుక సున్నా వేసేయండి.

అంత తిరిగి వాళ్ళు తేల్చిందేమిటయ్యా అంటే, రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 ఉన్న నేల దీనికి ఇష్టమట. పొదలు నరికినా పోతుంది, మరీ చిక్కబడినా పోతుంది. ఇందుకు అంత తిరగాలా? కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి వేసే బంజరు భూముల అట్లాస్ తెరిస్తే సరిపోయేది. పొదల నేల, దట్టమైనదీ పలచనిదీ, రెండూ అందులో బంజరు కిందే ఉన్నాయి. ఒక పటంలో పిట్ట కాపురం, ఇంకో పటంలో పనికిరాని నేల. రెండో పటం పట్టుకుంటే చకచకా నిమ్మతోట వేసుకోవచ్చు.

కచ్చితమైన పటంతో వచ్చే ముప్పేమిటో 2005లో చూశాం. తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు సరిగ్గా ఆ పొదల్లోకే వచ్చాయి. పిట్ట ఎక్కడెక్కడుందో చూపించే సర్వే కాగితాలు ఎవరి చేతిలోనో ఉండబట్టి, చివరికి కాలువే దారి మళ్ళాల్సి వచ్చింది. అదే స్వాల్‌బార్డ్‌లో అయితే ఇంతవరకు ఏ కాలువ ప్రతిపాదనా లేదు.