డిసెంబర్‌లో పాసైన క్లాక్ మేలో నిలుస్తుందా?

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, సిరోంచ వైపు పాత డ్యూయల్ కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే కోర్లు రెండు ఉన్న) డెస్క్‌టాప్‌లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. జిరాక్స్ షాపుల్లో, ఫొటో స్టూడియోల్లో, ఇళ్లలో. కొత్తది కొనే స్తోమత లేనప్పుడు ఉన్నదాన్నే ఓవర్‌క్లాక్ చేసి, అంటే ప్రాసెసర్ క్లాక్‌ను (వేగాన్ని) కంపెనీ పెట్టినదానికన్నా పెంచి, ఇంకొన్నాళ్లు లాగుదామనుకోవడంలో తప్పు లేదు. తప్పు పరీక్ష దగ్గర జరుగుతోంది. ప్రాసెసర్‌ను లెక్కలతో ఊపిరాడకుండా చేసే ప్రైమ్95 ప్రోగ్రామ్‌ను 24 గంటలు నడిపితే చాలు, మెషీన్ స్టేబుల్ అన్న సలహాను అందరూ కళ్లకద్దుకుంటున్నారు. ఆ సలహా చల్లటి ఊళ్లకు సరిపోతుంది. మన దగ్గర మే నెలలో బయట 45 డిగ్రీలు దాటడం మామూలే. చలికాలంలో రోజంతా నడిచిన పరీక్ష కన్నా, మే నెల మధ్యాహ్నం కూలర్ ఆపేసిన గదిలో నాలుగు గంటలు నిలిచిన పరీక్షకే విలువ ఎక్కువ.

లెక్క చూడండి. 2008లో వచ్చిన పెంటియం డ్యూయల్ కోర్ ఈ5200 అసలు వేగం 2.5 గిగాహెర్ట్జ్: 200 మెగాహెర్ట్జ్ బస్సు (మదర్‌బోర్డు ఇచ్చే మూల వేగం), 12.5 మల్టిప్లయర్ (దాన్ని హెచ్చించే అంకె). బస్సును 266కు పెంచితే 3.33 గిగాహెర్ట్జ్ వస్తుంది. దాని కోసం వోల్టేజీని 1.2 నుంచి 1.35కు తీసుకెళ్లారనుకుందాం. ఖర్చయ్యే శక్తి వేగానికి అనులోమంగా, వోల్టేజీకి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, 33 శాతం వేగానికి దాదాపు 69 శాతం అదనపు వేడి. ఇక హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మ) చేయగలిగింది గది ఉష్ణోగ్రతకూ కోర్‌కూ మధ్య తేడాను అదుపులో పెట్టడమే. డిసెంబర్‌లో గది 22, కోర్ 64 ఉంటే తేడా 42. అదే సెట్టింగ్‌కు మేలో గది 40 అయితే కోర్ 82 దాటుతుంది, ఎందుకంటే వేడెక్కిన చిప్‌లో లీకేజీ (వృథాగా కారే కరెంటు) కూడా పెరుగుతుంది. పైగా వేడి మీద ట్రాన్సిస్టర్లు మందగిస్తాయి. అదే క్లాక్‌కు మరికాస్త వోల్టేజీ కావాలంటాయి. 64 దగ్గర తప్పు చేయని చిప్ 82 దగ్గర తప్పు చేయడానికి కారణం ఇదే.

పనిలోకి దిగే ముందు ఒక మాట. నాగపూర్ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే సెకండ్ హ్యాండ్ బ్రాండెడ్ ఆఫీసు మెషీన్ల బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల మెనూలో) సాధారణంగా ఈ సెట్టింగులే ఉండవు. విడిగా అమ్మిన మదర్‌బోర్డు అయితేనే ఆశ పెట్టుకోండి.

బయోస్‌లో ముందుగా బోర్డు మీద కార్డులు, ఇతర భాగాలు కలిసే దారులైన పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను 100 మెగాహెర్ట్జ్ దగ్గర, పీసీఐని 33 దగ్గర కట్టేయాలి. లేదంటే బస్సుతో పాటు అవీ పెరిగి హార్డ్ డిస్కులో డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. బస్సుతో పోలిస్తే రామ్ ఎంత వేగంగా నడవాలో చెప్పే డివైడర్‌ను తగ్గించి, డీడీఆర్2 800 స్టిక్‌ను 533 దగ్గరే నడపండి. అప్పుడు తప్పు వస్తే అది రామ్‌ది కాదని తెలుస్తుంది. వోల్టేజీని ఆటోలో వదలొద్దు, కొన్ని బోర్డులు అడక్కుండానే అవసరానికి మించి పెంచేస్తాయి. ఈ5200కు ఇంటెల్ ఇచ్చిన వోల్టేజీ శ్రేణి 1.3625తో ముగుస్తుంది. మన వేడికి అక్కడిదాకా వెళ్లడం కూడా ఎక్కువే. బస్సును 10 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర ప్రైమ్95లో కోర్లనే ఎక్కువగా వేడెక్కించే స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్షను 20 నిమిషాలు నడపండి. తప్పు వస్తే 0.025 వోల్టులు కలపండి, లేదా ఒక మెట్టు దిగండి. దిగడమే మేలు. మెషీన్ అసలు లేవకపోతే పవర్ కేబుల్ పీకి బోర్డు మీది సీమాస్ జంపర్‌తో (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) బయోస్‌ను రీసెట్ చేయాలి.

తప్పు ఎలా వచ్చిందో చూస్తే చాలావరకు కారణం దొరుకుతుంది. రౌండింగ్ ఎర్రర్‌తో (లెక్క తప్పిందన్న సందేశంతో) ఒక వర్కర్, అంటే ప్రైమ్95 ఒక కోర్‌కు అప్పగించిన పని, ఆగిపోయిందంటే ఆ కోర్‌కు వోల్టేజీ చాలడం లేదు. స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పాసై, రామ్‌ను కూడా వాడే బ్లెండ్ పరీక్ష ఫెయిలైతే రామ్‌నో నార్త్‌బ్రిడ్జ్‌నో (ప్రాసెసర్‌ను రామ్‌తో కలిపే చిప్) అనుమానించండి, రామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ నడపండి. బ్లూ స్క్రీన్ కూడా లేకుండా టప్పున ఆరిపోతే ఎస్ఎంపీఎస్ (మెషీన్‌కు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా), లేదా హద్దు మీరిన వేడి. ఇక అసలు ఏ తప్పూ చూపించకపోవడం కూడా మోసమే కావచ్చు. బాగా వేడెక్కిన ఇంటెల్ ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, పరీక్ష పాసైనట్టే కనిపిస్తుంది. కోర్ ఉష్ణోగ్రత చూపించే రియల్‌టెంప్ ప్రోగ్రామ్‌లో థర్మల్ స్టేటస్ ‘ఓకే’ నుంచి ‘లాగ్’కు మారితే (ఒకసారైనా హద్దు దాటిందని అర్థం) ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి. గరిష్ఠ హద్దుకు కనీసం 20 డిగ్రీల దూరం మిగలాలి.

ఆ దూరాన్ని మన దగ్గర ముందుగా తినేసేది దుమ్ము. గనులు, థర్మల్ కేంద్రం చుట్టుపక్కల గాలిలో బొగ్గు ధూళి ఉంటుంది. కూలర్ గాలిలోని తేమతో కలిసి అది హీట్‌సింక్ రెక్కల మధ్య పేస్టులా గట్టిపడుతుంది, ఊదితే పోదు. ఫ్యాన్ విప్పి బ్రష్‌తో గీకాల్సిందే. క్యాబినెట్‌ను కూలర్‌కు ఎదురుగా పెట్టొద్దు, నీటి తుంపరలు బోర్డు మీద పడతాయి. ఇంటెల్ స్టాక్ కూలర్ నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి సరిగా దిగకపోయినా కోర్ వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. బోర్డును వెనక్కి తిప్పి నాలుగూ చూడండి. థర్మల్ పేస్టు బఠానీ గింజంత చాలు.

చాలామంది వదిలేసే పరీక్ష ఇంకొకటి ఉంది. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లని రాసి ఉంటుంది. రాతను నమ్మొద్దు, మల్టీమీటర్‌ను నమ్మండి. ఫుల్ లోడు మీద పసుపు, నలుపు తీగల మధ్య 11.4 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే అది ఓవర్‌క్లాక్‌కు పనికిరాదు. తర్వాత, ప్రైమ్95 నడుస్తుండగానే యూపీఎస్ ప్లగ్ గోడ నుంచి పీకండి, ముఖ్యమైన ఫైళ్లన్నీ ముందే కాపీ చేసుకుని. యూపీఎస్ బ్యాటరీకి మారే ఆ కొన్ని మిల్లీసెకన్లు ఎస్ఎంపీఎస్‌లోని కెపాసిటర్లే మెషీన్‌ను మోయాలి. అవి పాతబడితే మామూలు వేగంలో మోస్తాయి, పెరిగిన లోడు మీద చేతులెత్తేస్తాయి. వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్టయ్యే మెషీన్లకు చాలాసార్లు రోగం ఇదే. యూపీఎస్‌ను తిట్టి లాభం లేదు.

బస్సుతో పేచీ లేని చిప్‌లూ ఉన్నాయి. 2014 నాటి పెంటియం జీ3258లో మల్టిప్లయర్ ఒక్కటే పెంచితే చాలు, రామ్, డిస్కుల జోలికి వెళ్లక్కర్లేదు. దానికి ఏవీఎక్స్ (ఒకేసారి ఎక్కువ లెక్కలు చేయించే ఆదేశాలు) లేదు కాబట్టి ఏవీఎక్స్ పుట్టించే అదనపు వేడి భయం ఉండదు. 2019లో వచ్చిన ఏఎండీ అథ్లాన్ 3000జీ కూడా అన్‌లాక్డే, అంటే మల్టిప్లయర్ పెంచుకోవచ్చు. కాకపోతే ఏ320 బోర్డులో ఆ సౌకర్యం రాదు, బీ450 లాంటిది కావాలి.

ఇంత చేసి సాధించేదేమిటి? హార్డ్ డిస్కు మీద నడిచే మెషీన్‌లో బ్రౌజర్ తెరవడానికి ఇదంతా కొండను తవ్వి ఎలుకను పట్టడమే. ఆ డబ్బుతో, శ్రమతో ఎస్ఎస్‌డీ వేస్తే కళ్ల ముందే తేడా కనిపిస్తుంది. ఫొటోలు, వీడియోలు ఎగుమతి చేసేవాళ్లకు మాత్రం ప్రాసెసర్ వేగం అక్కరకొస్తుంది. వాళ్లు వోల్టేజీ పెంచకుండా దొరికినంత తీసుకుని ఆగిపోవాలి. పని మొదలుపెట్టే ముందు ఒక పెద్ద ఫోల్డర్‌ను 7-జిప్‌తో కుదించి, దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. సీఆర్‌సీ తప్పు (ఫైలులో డేటా మారిపోయిందన్న హెచ్చరిక) ఒక్కటి వచ్చినా క్లాక్‌ను ఒక మెట్టు దించాలి. అలాంటి మెషీన్ క్రాష్ కాకుండానే పెళ్లి ఆల్బమ్‌లను పాడుచేయగలదు. గిరాకీ ఎదురుగా నిలబడి అడిగేదాకా ఆ సంగతి తెలియదు.