లాబీలోని ప్లాటినం ఫలకం గారికి

మహారాజశ్రీ ప్లాటినం ఫలకం గారి దివ్య సముఖానికి, బెంగళూరు మారతహళ్లి పీజీ నుంచి మీ బంటు రాయునది.

ఔటర్ రింగ్ రోడ్డు గాజు భవనంలో, రిసెప్షన్ వెనక గోడ మీద తమరు క్షేమంగా వెలసి ఉన్నారని తలుస్తాను. తమరి మీదికి తిప్పిన స్పాట్‌లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉన్నాయి. కరెంటు ఆదా చేసినందుకు వచ్చిన బిరుదును చీకట్లో ఉంచితే ఏం బాగుంటుంది?

నేను సస్టైనబిలిటీ కన్సల్టెంట్‌ని. అనంతపురంలో మా పెదనాన్న "అంటే ఏం పనిరా అది?" అన్నాడు. పర్యావరణాన్ని కాపాడే పని అన్నాను. "ఫారెస్ట్ డిపార్ట్‌మెంటా?" అని ఆయనే తేల్చేసి, పెళ్లి సంబంధాల వాళ్లకు అదే చెబుతున్నాడు. నేను అడ్డు చెప్పలేదు. నా అసలు పని పీడీఎఫ్‌లు పోగెయ్యడమని తెలిస్తే ఎవరు పిల్లనిస్తారు? పెయింటు ఘాటుకో సర్టిఫికెట్, సిమెంటులో ఫ్లై యాష్ అనే బొగ్గు బూడిద ఎంతో చెప్పే లెటర్‌హెడ్, పంపుకో డేటాషీట్. పర్యావరణానికి మేలు చేసే భవనాలకు మార్కులేసే లీడ్ అనే రేటింగు లెక్కలో 110 పాయింట్లకు 80 వస్తే తమరు దిగివస్తారు. అందులో సైకిల్ స్టాండుకూ, తొక్కొచ్చినవాళ్లు స్నానం చేసే గదికీ కలిపి ఒక పాయింటు. ప్రస్తుతం స్టాండులో సెక్యూరిటీ వాళ్ల ప్లాస్టిక్ కుర్చీలు, స్నానాల గదిలో ఫినాయిల్ డబ్బాలు ఉన్నాయి. పాయింటు మాత్రం చెక్కుచెదరలేదు.

తమరి వంశం చిన్నదేం కాదు. అమెరికా బయట మొట్టమొదటి లీడ్ ప్లాటినం 2003లో మన హైదరాబాదుకే వచ్చింది, సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు. మధ్యలో ఆకాశం కనిపించే వాకిళ్లు, కప్పు మీద తోట, గాలిని లోపలికి దించే బురుజులు, మొక్కల వేళ్లతో మురుగును శుద్ధి చేసే ఏర్పాటు ఉన్నాయక్కడ. ముందు భవనం కట్టారు, తర్వాత ఫలకం తగిలించారు. ఇక్కడ ముందు ఫలకం కుదిరింది, దాని కొలతలకు భవనం కుట్టారు.

పడమటి గోడంతా గాజే. మామూలు దారిలో వెళ్తే గోడలో గాజు 40 శాతం దాటకూడదంటుంది ఈసీబీసీ, అంటే భవనాల్లో కరెంటు ఆదా కోసం పెట్టిన కోడ్. దాటాలనుకుంటే కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేసి నెగ్గుకురావచ్చు. మా రూమ్మేట్‌ది ఆ ఉద్యోగమే. అతని కంప్యూటర్ భవనంలో జనం బుద్ధిమంతులు, టైముకి ఇంటికి పోతారు, పగటి వెలుతురులో పనిచేస్తారు. అసలు భవనంలో మధ్యాహ్నం మూడు కాగానే బ్లైండ్లు దించి, లైట్లేసుకుని, ఏసీ చలికి స్వెటర్లు తొడుక్కుంటారు.

తమరు ఎన్నడూ చూడని మనిషి ఒకరున్నారు. బేస్‌మెంట్‌లో మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు (ఎస్టీపీ) ఆపరేటర్, మదనపల్లె వైపతను. కాంట్రాక్టు మనిషి కాబట్టి లాబీలోంచి రానివ్వరు, ర్యాంపు మీదుగానే దిగాలి. బురదనీళ్లు జాడీలో పట్టి, అరగంటలో ఎంత అడుక్కి దిగిందో చూసి, నురగ రంగు చూసి, మురుగులోకి గాలి ఊదే బ్లోయర్ ఎంతసేపు తిప్పాలో చెప్పేస్తాడు. కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల ఎత్తెక్కి ఈ ఊరికి వస్తాయి. 2024 వేసవిలో ఊరంతా ట్యాంకర్ల వెంట పరిగెత్తినప్పుడు మన ఫ్లష్‌లలో నీళ్లాగలేదంటే అతని చలవే. గ్రీన్ జాబ్స్ మీద జరిగే సెమినార్లలో అతని ఉద్యోగం పేరు నేనెప్పుడూ వినలేదు.

జూనియర్లు "అన్నా, ఈ ఫీల్డుకి ఏ కోర్సు చెయ్యాలి?" అని మెసేజ్ పెడుతుంటారు. లీడ్ మొదటి మెట్టు పరీక్షలో వంద ప్రశ్నలు, రెండు గంటలు. గట్టెక్కితే పేరు పక్కన నాలుగక్షరాలు, ఎన్నక్షరాలుంటే లింక్డ్‌ఇన్‌లో అంత పచ్చదనం. నన్నడిగితే కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయమంటాను. నాలుగు పేపర్లు, నడుం విరుగుతుంది. కానీ ఆ పనిలో చేతికి మీటరొస్తుంది.

చివరిగా ఒక మనవి. ఏడాది కరెంటు బిల్లులు ఇమ్మంటే ఫెసిలిటీ మేనేజర్ "కాన్ఫిడెన్షియల్" అంటున్నాడు. రోజూ ఎదురుపడే మనిషే కదా, తమరైనా ఒక మాట చెప్పి చూడండి.

ఇట్లు,
తమరి పీడీఎఫ్‌ల గుమాస్తా

తా.క.: ఆపరేటర్ సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తున్నాడు, బదులు మనిషి దొరకలేదు. పేరు పక్కన అక్షరాలున్నవాళ్లం మా ఆఫీసులో అరడజను మందిమి ఉన్నాం. బ్లోయర్ స్విచ్ ఎక్కడుందో ఒక్కరికీ తెలియదు.