చేరేదెంతో ముందే చెప్పాలి

ఒకప్పుడు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో విదేశీ సొమ్ము అంటే వచ్చే సొమ్మే. కువైట్‌లో డ్రైవర్లుగా, ఇళ్లలో పనివారుగా చేరినవారు పంపిన దీనార్లతో పీలేరు, మదనపల్లె వైపు ఎన్నో మిద్దెలు లేచాయి. ఆ తరువాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల డాలర్లు తిరుపతిలో అపార్ట్‌మెంట్లయ్యాయి. ఇప్పుడు సొమ్ము ఎదురు దిశలోనూ ప్రయాణిస్తోంది. అమెరికాలో ఎంఎస్‌కో, జర్మనీలో ఇంజినీరింగుకో, ఫిలిప్పీన్స్‌లోనో జార్జియాలోనో వైద్యవిద్యకో పిల్లలను పంపిన తల్లిదండ్రులు చదువు ముగిసేదాకా ప్రతి సెమిస్టరుకూ లక్షల రూపాయలను డాలర్లుగానో యూరోలుగానో మార్చి పంపాల్సి వస్తోంది. ఏ విశ్వవిద్యాలయంలో చేర్చాలో తేల్చుకోవడానికి నెలల తరబడి ఆరా తీసే కుటుంబం, డబ్బు ఏ దారిన పంపాలన్న సంగతిని మాత్రం కౌంటరు దగ్గర ఐదు నిమిషాల్లో తేల్చేస్తోంది. ఆ ఐదు నిమిషాలకు చెల్లించే మూల్యం చిన్నది కాదు. పైగా అందులో పెద్ద భాగం రసీదులో కనిపించని చోట పోతోంది.

మామిడి మండీకి కాయలు తోలిన రైతుకు ఈ సంగతి వివరించనక్కర లేదు. కమీషన్ తీసుకోనని చెప్పిన వ్యాపారి తరుగులో తీసుకుంటాడని అతనికి తెలుసు. విదేశాలకు డబ్బు పంపే సేవల్లో ఆ తరుగు పేరు మారకపు రేటు. బ్యాంకులు తమలో తాము డాలరును కొనుక్కునే రేటు ఒకటి, మనకు అమ్మే రేటు మరొకటి. ఈ రెండింటి మధ్య తేడాయే అసలు రుసుము. లెక్క సులువుగా ఉండడానికి మార్కెట్లో డాలరు 90 రూపాయలనుకుందాం. 10,000 డాలర్లు పంపాలి. కమీషన్ సున్నా అని బోర్డు పెట్టిన చోట డాలరు 91.80 చొప్పున ఇస్తే కట్టవలసింది 9,18,000 రూపాయలు. 1,500 రూపాయల కమీషన్, దానిపై 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తూ డాలరును 90.50కి ఇచ్చే చోట కట్టవలసింది 9,06,770 రూపాయలు. ఉచితమని చెప్పినచోట 11,230 రూపాయలు ఎక్కువ పోయాయి. ఒక్క విడతకే ఇంత తేడా వస్తే రెండేళ్ల చదువులో అది ఎంతవుతుందో పాఠకులే లెక్క వేసుకోగలరు.

అందువల్ల సేవలను పోల్చదలచినవారు కమీషన్ ఎంతని అడగడం మానుకుని, ఇన్ని రూపాయలు ఇస్తే అవతలి ఖాతాలో ఎన్ని డాలర్లు జమ అవుతాయని అడగాలి. ఒకే రోజు, వీలైతే ఒకే గంటలో రెండు మూడు చోట్ల అడిగి, సమాధానాన్ని కాగితం మీదనో ఈమెయిల్‌లోనో తీసుకోవాలి. రేటు సమంజసమో కాదో చూసుకోవడానికి కొలబద్ద కూడా ఉంది. డాలరు, యూరో, పౌండు, యెన్ వంటి కరెన్సీలకు ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా సంస్థ, అంటే ఎఫ్‌బీఐఎల్, పనిదినాల్లో మధ్యాహ్నం వేళ రిఫరెన్సు రేటు ప్రకటిస్తుంది. 2018 జులై వరకు రిజర్వు బ్యాంకు స్వయంగా చేసిన పని ఇది. ఆ అంకెకూ కౌంటరులో చెప్పిన అంకెకూ మధ్య ఉన్న దూరాన్ని శాతంగా చూస్తే సేవ ఖరీదు బయటపడుతుంది. బ్యాంకు రేట్ల పట్టికలో ఖాతా నుంచి ఖాతాకు పంపడానికి వర్తించే టీటీ సెల్లింగ్ రేటు ఒకటి, చేతికి ఇచ్చే నోట్ల రేటు మరొకటి ఉంటాయి. నోట్ల రేటు ఎప్పుడూ ఎక్కువే, దానితో మనకు పని లేదు. అంతర్బ్యాంకు మార్కెట్ మూసి ఉండే శని, ఆదివారాల్లో పంపమంటే రేటు మారుతుందన్న భయంతో కొన్ని సంస్థలు తేడాను మరికొంత పెంచుతాయి కనుక, గడువు ముంచుకు రాకముందే పనిదినంలో పంపడం మేలు.

రేటు తరువాత చూడవలసింది దారిలో తెగే సొమ్ము. మన బ్యాంకు నుంచి అమెరికా బ్యాంకుకు డబ్బు నేరుగా ఎగిరి వెళ్లదు. బెల్జియం కేంద్రంగా 1973లో ఏర్పడిన స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా వెళ్లేది సందేశం మాత్రమే. సొమ్ము ఒకటి రెండు మధ్యవర్తి బ్యాంకుల ఖాతాల మీదుగా సర్దుబాటు అవుతుంది, దారిలో ఒక్కొక్కరు తమ రుసుము కోసుకుంటారు. ఈ ఖర్చులన్నీ పంపేవారే భరిస్తారా, ఇద్దరూ పంచుకుంటారా అన్నది దరఖాస్తులో ‘అవర్’, ‘షా’ అనే చిన్న గడుల్లో ఉంటుంది. దాన్ని చదివి టిక్కు పెట్టేవారు తక్కువ. పంచుకునే పద్ధతిలో 10,000 డాలర్లు పంపితే విశ్వవిద్యాలయానికి చేరేది ఉదాహరణకు 9,980. మిగిలిన 20 డాలర్లు బకాయిగా విద్యార్థి ఖాతాలో నిలబడతాయి, ఆ 20 డాలర్లు పంపడానికి మళ్లీ పూర్తి కమీషన్ కట్టాలి. ఫీజు కట్టేటప్పుడు ‘అవర్’ ఎంచుకుని ఆ ఖర్చు మొదటే భరించడం చవక. జర్మనీ వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో, అంటే నెలనెలా కొంత చొప్పునే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపాలన్న నిబంధన 2024 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అక్కడ పది యూరోలు తగ్గినా పని ఆగుతుంది. కరెన్సీ మార్పిడిపై పడే జీఎస్టీ గురించి ఆందోళన అనవసరం: లక్ష రూపాయలకు 180, పది లక్షలకు 990, అది ఎక్కడ పంపినా ఒకటే.

ఇక మార్గాల సంగతి. ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో కాగితాలు ఎక్కువ, ఆలస్యమూ ఎక్కువ. అయితే విద్యారుణం అక్కడే ఉంటే పని ఒకేచోట జరుగుతుంది, పాత ఖాతాదారు బతిమాలకుండానే బేరమాడి రేటు తగ్గించుకోవచ్చు కూడా. ఈ బేరానికి వీలుందని చాలామందికి తెలియదు, తెలిసినవారు మొహమాటపడతారు. చల్లకు వచ్చి ముంత దాచుకోవడం ఇక్కడ పనికిరాదు. ప్రైవేటు బ్యాంకుల యాప్‌లలో పని నిమిషాల్లో ముగుస్తుంది, రేటు తెరమీదే కనిపిస్తుంది, అది మంచి రేటన్న హామీ మాత్రం లేదు. ఫీజులు, వైద్యం వంటి అవసరాలకు పంపడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న రెండో తరగతి అధీకృత డీలర్లు, ఏదో ఒక అధీకృత బ్యాంకును వెనుక పెట్టుకుని పనిచేసే ఆన్‌లైన్ వేదికలు మెరుగైన రేటు ఇస్తుంటాయి. రిజర్వు బ్యాంకు జాబితాలో పేరు ఉందో లేదో చూశాకే వారిని నమ్మాలి. విశ్వవిద్యాలయాలు సూచించే చెల్లింపు పోర్టళ్లలో రూపాయల్లోనే కట్టే సదుపాయం ఉంటుంది, చేరిందో లేదోనన్న బెంగ ఉండదు, కానీ రేటును ఇతర చోట్లతో పోల్చకుండా కట్టకూడదు. క్రెడిట్ కార్డుతో ఫీజు కట్టడాన్ని మేము సూచించం. కార్డు సంస్థలు మామూలుగా 2 నుంచి 3.5 శాతం దాకా అదనంగా వేస్తాయి. ఊరూరా కిరాణా కొట్ల పక్కన కనిపించే మనీ ట్రాన్స్‌ఫర్ బోర్డులు మనీ ట్రాన్స్‌ఫర్ సర్వీస్ స్కీమ్ కిందివి. ఆ పథకం విదేశాల నుంచి వచ్చే సొమ్ము కోసమే, ఇక్కడి నుంచి పంపడానికి కాదు. ఇంటర్నెట్‌లో దొరికే పోలికల పట్టికల్లో చాలావరకు అమెరికా నుంచి ఇండియాకు పంపేవారి కోసం తయారైనవే, ఆ రేట్లు చూసి మురిసిపోయి లాభం లేదు.

ఈ బాధలన్నీ తప్పనిసరి కావని సింగపూర్ మార్గం చూపుతోంది. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐని అలాంటిదే అయిన అక్కడి చెల్లింపుల వ్యవస్థ పేనౌతో అనుసంధానించారు. కుటుంబ పోషణకో కానుకగానో రోజుకు 60,000 రూపాయల దాకా ఫోన్ నుంచే పంపే ఏర్పాటు స్టేట్ బ్యాంక్, ఇండియన్ బ్యాంక్ వంటి కొన్ని బ్యాంకులతో మొదలైంది. ఫీజుల వంటి పెద్ద మొత్తాలకు అది చాలదు.

టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే ఆదాయపు పన్ను గురించి అపోహలు తొలగాలి. సరళీకృత చెల్లింపుల పథకం కింద ప్రతి నివాసి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. 2004లో ఈ పథకం 25,000 డాలర్లతో మొదలైంది. పంపిన మొత్తం ఒక పరిమితి దాటితే బ్యాంకు పన్ను ముందే వసూలు చేస్తుంది. ఆ పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడు లక్షల రూపాయల నుంచి పది లక్షలకు పెరిగింది, ఆర్థిక సంస్థ నుంచి విద్యారుణంగా తీసుకున్న సొమ్ముకు టీసీఎస్ పూర్తిగా తొలగింది. పరిమితి లెక్క పాన్ కార్డు మీద నడుస్తుంది కనుక బ్యాంకులు మార్చి పంపినా తప్పించుకోలేరు. ఏ అవసరానికి పంపుతున్నామో తెలిపే పర్పస్ కోడ్‌ను దరఖాస్తులో తప్పు రాస్తే, చదువుకు పంపిన సొమ్ము ఇతర ఖర్చుగా నమోదై ఎక్కువ రేటు పడుతుంది. ఈ రేట్లు బడ్జెట్లతో మారుతుంటాయి, పంపే రోజున ఏది అమల్లో ఉందో శాఖలో అడగాలి. టీసీఎస్‌గా కట్టినది పోయిన సొమ్ము కాదు, ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా వాపసు వస్తుంది. వ్యవసాయ ఆదాయమే ఉన్న రైతులు తమకు రిటర్నుతో పనేమిటని ఊరుకుంటున్నారు. వాపసు కావాలంటే వేయక తప్పదు.

అన్నిటికన్నా ఇబ్బందికరమైన విషయం ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం మాకు ఇష్టం లేదు. ‘మా అల్లుడు అక్కడ మీ అబ్బాయికి డాలర్లు ఇస్తాడు, మీరు ఇక్కడ మాకు రూపాయలు ఇవ్వండి’ అన్న మాట ఈ జిల్లాలో పెళ్లిళ్లలోనూ గుడి మెట్ల మీదా వినిపిస్తూనే ఉంటుంది. ఇద్దరికీ బ్యాంకు తేడా మిగులుతుంది, ఎవరికీ నష్టం లేదనిపిస్తుంది. కానీ అధీకృత వ్యక్తి ప్రమేయం లేకుండా ఇలా ఇక్కడ రూపాయలు, అక్కడ డాలర్లు మార్చుకోవడం 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టానికి, అంటే ఫెమాకు, విరుద్ధం. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు. రుణ వడ్డీ, పన్ను మినహాయింపు అడిగినప్పుడు చూపడానికి కాగితం ఉండదు. దీనికి అన్నలాంటిది మరొకటి ఉంది: ఫీజులో పదోవంతు తగ్గిస్తామని చెప్పి దొంగ కార్డులతో కట్టే మోసగాళ్ల ఉచ్చు. కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేసిన రోజున ఆ చెల్లింపు రద్దవుతుంది, మోసగాడికి ఇచ్చిన రూపాయలు తిరిగి రావు, విద్యార్థి సీటుకే ముప్పు వస్తుంది. బంధువుల సర్దుబాటును, ఈ మోసాన్ని ఒకే గాటన కట్టలేం. అయినా కుటుంబాలు అడ్డదారి తొక్కడానికి రాజమార్గంలో లెక్క దాచడం కూడా ఒక కారణమని బ్యాంకులు ఒప్పుకోవాలి.

పలమనేరులోనో పుత్తూరులోనో చిన్న శాఖకు వెళ్లిన తల్లిదండ్రుల పరిస్థితి మరీ దయనీయం. ఆ శాఖకు విదేశీ మారక వ్యవహారాల అధికారం ఉండదు. కాగితాలు మరో పెద్ద శాఖకు వెళతాయి. సంతకం ఈరోజు పెడతారు, రేటు రేపో ఎల్లుండో ఎవరో వేస్తారు, ఖాతాలో ఎంత తగ్గిందో చూశాకే ఖరీదు తెలుస్తుంది. అమెరికాలో 2013 అక్టోబరు నుంచి, డబ్బు పంపే వ్యక్తి చెల్లించే ముందే రుసుము, రేటు, అవతల చేరే మొత్తం రాతపూర్వకంగా చూపాలన్న నిబంధన ఉంది. వలస వెళ్లినవారు ఇళ్లకు డబ్బు పంపే ఖర్చును 2030 నాటికి మూడు శాతం లోపుకు తేవాలన్నది ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి. మన దేశంలోనూ బ్యాంకుల మధ్య లావాదేవీలను సర్దుబాటు చేసే క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 2019 ఆగస్టులో ఎఫ్ఎక్స్ రిటైల్ వేదికను తెరిచింది; చిన్న ఖాతాదారు మార్కెట్ ధరకే డాలరు కొనుక్కుని, బ్యాంకు రుసుమును విడిగా కట్టే ఏర్పాటు అది. తిరుపతి, చిత్తూరు కౌంటర్లలో దాని పేరు ఎత్తేవారు అరుదు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల బ్యాంకర్ల సమావేశాల్లో పంట రుణాల లక్ష్యాలతోపాటు ఈ అంశాన్నీ చేర్చాలని కలెక్టర్లను కోరుతున్నాం. విదేశాలకు డబ్బు పంపే ప్రతి శాఖలో ఆనాటి రిఫరెన్సు రేటును, తమ టీటీ సెల్లింగ్ రేటును పక్కపక్కనే తెలుగులో రాసిన బోర్డు పెట్టాలి. సంతకానికి ముందు చేరే మొత్తాన్ని చూపే కాగితం ఇవ్వాలి. చిన్న శాఖలు రేటును ఫోన్‌లో ఖరారు చేసుకున్నాకే ఖాతా నుంచి సొమ్ము తీయాలి. ఫిర్యాదుపై 30 రోజుల్లో బ్యాంకు స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చన్న సంగతిని, 14448 నంబరును అదే బోర్డు కింద రాయాలి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో తరగతులు ఆగస్టులో మొదలవుతాయి, ఫీజుల హడావుడి జులైలోనే ఆరంభమవుతుంది. ఆలోగా ఆ బోర్డులు గోడలకు ఎక్కాలి.