మలక్‌పేట నిపుణుడి మనవి

వచ్చే ఆదివారం మలక్‌పేటలో జరగబోయే ఆరో రేసు మీద మూడు రోజులుగా అధ్యయనం చేస్తున్నాను. జూదం అనకండి, నొచ్చుకుంటాను. గుర్రప్పందెం అదృష్టం మీద కాదు, ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటని మద్రాసు గిండీ రేసుల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. అప్పట్లో తెగ సంబరపడ్డాను. దెబ్బ ఎక్కడ తగిలిందో తర్వాత తెలిసొచ్చింది. అంతకుముందు డబ్బు పోతే ‘శని బాగాలేదు’ అనేవాణ్ణి, ఇంట్లోవాళ్లు నువ్వులు దానమిచ్చి ఊరుకునేవాళ్లు. ఇప్పుడు పోతే తెలివిలేక పోయినట్టే లెక్క. ఉన్న ఒక్క సాకునీ దేశంలోకెల్లా పెద్ద కోర్టు లాగేసుకుంది.

పూర్వులకి ఈ ఇబ్బంది లేదు. ఉచ్చైశ్శ్రవం తోక తెలుపా నలుపా అని కద్రువ, వినత పందెం కాశారు. నాకు తెలిసి మన మొదటి గుర్రప్పందెం అదే, మొదటి ఫిక్సింగూ అదే. కొడుకు పాముని తోకకి వేలాడదీసి కద్రువ గెలిచింది, వినత దాసీ అయింది. నలుడి సంగతి మరీ అన్యాయం. గుర్రాల గుండె తెలిసినవాడు పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్నాడు. ఋతుపర్ణుడు దారిలో తానిచెట్టు కాయలు లెక్కచెప్పి, పాచికల కిటుకు నేర్పాకగానీ అది తిరిగి రాలేదు. నాకు ఆ విద్యా రాదు, ఈ విద్యా రాదు. అందుకే రేసుబుక్కు కొంటాను.

రేసుబుక్కు చదవడం పంచాంగం చదివినట్టు కాదు, అంతకంటే కష్టం. ఏ గుర్రం పోయినసారి ఎన్నోది వచ్చింది, ఎవరు ఎక్కారు, ఎంత బరువు మోసింది అన్నీ ఉంటాయి. బాగా పరిగెత్తే గుర్రం మీద 60 కిలోలు పెడితే, అట్టడుగుదాని మీద 50 చాలంటారు. దీన్ని హ్యాండిక్యాప్ అంటారు. పనిచేసేవాడి నెత్తినే ఇంకాస్త బరువు పెట్టే ఈ పద్ధతి మా ఆఫీసులోనూ ఉంది, పేరే లేదు.

పెన్సిలు అరిగేదాకా గీతలు గీసి మూడో నంబరు తేల్చుకుంటాను. అప్పుడు ఫోనొస్తుంది. గుర్రాలశాలలో పనిచేసేవాడి తోడల్లుడికి టీ పోసే కుర్రాడు చెప్పాడట, ఏడో నంబరు ‘ఖాయం’ అని. మూడు రోజుల అధ్యయనం అక్కడితో సరి.

పోయిన నెల అలాగే ఏడు మీద ఐదొందలు పెట్టాను. ఆఖరి రెండొందల మీటర్లలో ఏడూ మూడూ పక్కపక్కనే. నేను రెయిలింగు పట్టుకుని ‘ఏడూ ఏడూ’ అని అరుస్తున్నాను, వెనకనించి ఎవరో ‘ఎందుకన్నా ఏడవడం’ అన్నారు. ఏది ముందో తేల్చడానికి గెలుపుగీత దగ్గర ఫోటో తీశారు. బోర్డు మీద మూడు వెలిగింది. పక్కన బైనాక్యులర్ మెళ్లో వేసుకున్న పెద్దాయన, ‘కాళ్లు కాదు బాబూ, ముక్కు చూస్తారు’ అన్నారు. చిత్తుకాగితాల్లో నా టికెట్టూ కలిసింది.

ఇక పన్ను. 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 అయింది. అదీ గెలుపు మీద కాదు, పందెం మీద. కోర్టేమో నైపుణ్యం అంటుంది, పన్నువాళ్లేమో మమ్మల్ని లాటరీ, క్యాసినోల పంక్తిలో కూర్చోబెట్టి విస్తరేశారు. నా గుర్రం గేటు దాటకముందే జీఎస్టీ గెలుపుగీత దాటేస్తోంది. గెలుపు పదివేలు దాటితే మరో 30 శాతం కోసుకుంటారట. ఆ బాధ నాదాకా రాలేదు.

మా మలక్‌పేట పెద్ద రేసు దక్కన్ డెర్బీ గురించి ఒక్క మాట. రెండువేల మీటర్ల ఆ రేసుని చాలా ఏళ్లు గాంధీ జయంతినాడే పెట్టారు. ఆ రోజు మందుషాపులు బందు. డబ్బంతా పూర్తి స్పృహలో ఉండి పోగొట్టుకోవాలి.

నిన్న రాత్రి రేసుబుక్కు ముందేసుకుని కూర్చుంటే మా ఆవిడ పప్పు గిన్నె తెచ్చి దానిమీదే పెట్టింది. సరిగ్గా ఆరో రేసు మీద.

‘‘జూదం కాదే, నైపుణ్యం. సుప్రీంకోర్టు చెప్పింది’’ అన్నాను.

‘‘సరే, నైపుణ్యమే. మరి మీరెందుకండీ వెళ్లడం?’’ అంది.