కాటికి చరిత్ర ఉంటుందా?

(రాజమహేంద్రవరం కోటిలింగాల రేవు. బంధువు అస్థికలు గోదావరిలో కలిపి, తడిబట్టలతో మెట్ల మీద కూర్చున్నారు ఇద్దరు. ఒకరు రిటైరైన తెలుగు మాస్టారు, రెండోవారు ఇంజనీరైన ఆయన మేనల్లుడు.)

మేనల్లుడు: ఈ కైలాసభూమి చరిత్ర రాయాలని ఉంది మామయ్యా.

మామయ్య: కాటికి చరిత్ర ఏమిటిరా? గుడికైతే శాసనం ఉంటుంది, కోటకైతే రాజు ఉంటాడు. ఇక్కడ సంచయనం అయ్యాక బూడిద కూడా మిగలదు. మిగలకూడదనే ఏటి ఒడ్డుకు తెస్తాం.

మేనల్లుడు: ఆ ఒడ్డుకే బోలెడంత చరిత్ర ఉంది. మన దిగువన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకుముందు వేసవిలో ఏరు సన్నబడి ఇసుక తిన్నెలు తేలేవి, నీటి కోసం మనుషులు లోపలికి నడిచేవారు. ఆనకట్ట నీటిని నిలబెట్టాకే మెట్ల దగ్గర ఏడాదంతా గోదావరి కనబడుతోంది. తర్వాత దాని స్థానంలో బ్యారేజీ వచ్చింది. 2015 పుష్కరాలకు ఈ రేవును బాగా పొడిగించారు. ‘అనాదిగా ఇదే రేవు’ అంటే నేను ఒప్పుకోను.

మామయ్య: నీ చరిత్ర నిండా సిమెంటే! కట్టె పేర్చినవాడి పేరు అందులో ఉంటుందా? హరిశ్చంద్రుడు రాజు గనుక కాటికాపరిగా కూడా కథకెక్కాడు. మిగతా కాపరులు?

మేనల్లుడు: (కాసేపు ఆగి) అది నిజమే. వాళ్ళ గురించి అడిగి రాయాలి. కోనసీమ పల్లెల్లో కులానికో శ్మశానం ఎందుకుందో కూడా రాయాలి. ఇక పోయినవాళ్ళ పేర్లంటారా, 1969 చట్టం ప్రకారం ప్రతి మరణాన్నీ నమోదు చేయాల్సిందే. రిజిస్టర్లు తిరగేస్తాను.

మామయ్య: నమోదు చేసినంత మాత్రాన ఎక్కడ కాల్చారో తెలుస్తుందా? మీ తాతయ్య 1986 ఆగస్టు వరదల్లో పోయారు. రేవు మునిగింది. పాడె ఎటు మోయాలో తెలియక వానలో నిలబడ్డాం. చివరికి ఊరి వెలుపల మెరక మీద చితి పేర్చాం. కట్టెలన్నీ తడి. మూడుసార్లు ఆరిపోయింది. కొరివి పట్టుకున్న నా చేయి వణుకుతుంటే పక్కనున్న కాపరి పట్టుకున్నాడు. అతని పేరు అడగలేదు.

మేనల్లుడు: ఆ మెరక నాకు చూపిస్తారా?

మామయ్య: ఇప్పుడక్కడ ఇళ్ళున్నాయి. పద, బట్టలు ఆరేయాలి.